ఐదో అంతస్తుకి మాడు ముక్కలు

మా బావని ఎవరైనా మెచ్చుకుంటే ఆయనకి ఒళ్లు మండిపోతుంది. తిట్టండి, కుర్చీ వేసి కూర్చోబెడతాడు. "బాగుంది" అన్నారో, ఆ పూటకి మీకూ ఆయనకీ మాటల్లేవు.

మా అక్కని ఆయన ఎందుకు చేసుకున్నాడనుకున్నారు? మొదటిసారి కలిసినప్పుడు అక్క ఆయన్ని ఎగాదిగా చూసి, "చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు" అంది. మనిషి అక్కడికక్కడే పడిపోయాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో అక్క ఒకే ఒక్కసారి నోరుజారి, "ఈ మీసం మీకు బాగుందండీ" అంది. మర్నాడు మీసం లేదు.

బావ లిఫ్టు మెకానిక్. "బాగుందన్నచోట ఎవడూ నూనె వెయ్యడు, నూనె వెయ్యనిచోటే తాడు తెగుతుంది" అంటాడు. ఒక బ్యాంకు మేనేజరు పాపం తెలియక ఫోన్ చేసి, "మీరు చెయ్యి పెట్టాక లిఫ్టు పువ్వులా నడుస్తోందండీ" అన్నాడు. బావకి అనుమానం వచ్చేసింది. వెళ్లి లిఫ్టు మొత్తం విప్పి నేల మీద పరిచాడు. వారం రోజులు. మేనేజరు రోజూ ఏడంతస్తులు మెట్లెక్కి, ఎక్కి, పదికేజీలు తగ్గాడు. ఆయన భార్య ఫోన్ చేసి, "మీ పుణ్యమా అని మావారు సన్నబడ్డారు, చాలా బాగుందండీ" అంది. బావ లిఫ్టుని మళ్లీ విప్పాడు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? నా కుట్టుమిషను అక్కావాళ్ల బిల్డింగులోనే కింద అంతస్తులో, సరిగ్గా లిఫ్టుకి ఎదురుగా ఉంది. ఎవరెక్కారో, ఎవరు దిగారో, ఏ అంతస్తులో ఎంతసేపున్నారో సూది కదిలినంత తేలిగ్గా నాకు తెలిసిపోతుంది. నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. రెండూ కలిపితే పద్నాలుగు, చాలదా?

సరే, ఎయిర్ ఫ్రయర్ సంగతికొద్దాం. డాక్టరు బావని నూనె మానమన్నాడని అక్క ఆ వేడిగాలి పెట్టె కొంది. వారం రోజులు అందులో ఆకులూ కాయలూ వేడిచేసి పెట్టింది. ఎనిమిదో రోజున బావ ఫోన్లో ఒక వీడియో చూశాడు. గడ్డం ఆయన ఒకడు, మన లిఫ్టంత పొయ్యిలో కట్టెల పొగ పెట్టి, పద్నాలుగు గంటలు మాంసం కాల్చి, అంచులు నల్లగా నిగనిగలాడే ముక్కలు తీశాడు. వాటి పేరు బర్న్ట్ ఎండ్స్.

"అంటే ఏంటండీ?" అంది అక్క.

"మాడిన కొసలు."

"దానికి వీడియో ఎందుకు? నా వంట మర్చిపోయారా?"

బావ వినలేదు. ఆ వీడియో పదకొండుసార్లు చూశాడు. పద్నాలుగు గంటల పని తన గాలిపెట్టెలో గంటన్నరలో లాగిస్తానన్నాడు. కొవ్వు పట్టిన మాంసం తెచ్చి ఇంచు ముక్కలు కోశాడు. ఉప్పు, మిరియాలు, మిరపపొడి, చక్కెర పట్టించాడు. ముందు వేడి ఎక్కువలో పెట్టి రంగు తెప్పించాడు. తర్వాత సాస్ పోసి, రేకు కాగితం కప్పి, వేడి తగ్గించి ముప్పావుగంట మగ్గనిచ్చాడు. చివర్లో రేకు తీసేసి మళ్లీ వేడి పెంచి ఐదు నిమిషాలు. పైన బొగ్గు, లోపల వెన్న. నేను ఒకటి నోట్లో వేసుకున్నానో లేదో కళ్లు మూతలు పడ్డాయి.

"అబ్బ, ఎంత బాగున్నాయి బావా."

ప్లేటు నా చేతిలోంచి మాయమైంది. "ఏం బాగున్నాయి? ఎక్కడ బాగున్నాయి? తినడానికొచ్చావా, పొగడ్డానికొచ్చావా?"

పొగడ్త మింగేదాకా ఆగాల్సింది. తొందరపడ్డాను.

మర్నాడు పదకొండు గంటలకి బావ చేతిలో మూతపెట్టిన ప్లేటుతో, రోజూలాగే కిందికొచ్చి లిఫ్టు తలుపులు చూసుకుని మళ్లీ ఎక్కాడు. లిఫ్టు మీద ఎర్ర అంకె మూడు దాటింది, నాలుగు దాటింది, ఐదు మీద ఆగింది. నా మిషను చక్రం కూడా ఆగింది. ఐదో అంతస్తులో ఉండేది రిజెక్టు అత్తయ్య.

ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో చిట్టచివరి బల్ల దగ్గర ముప్ఫై నాలుగేళ్లు చెకింగ్ చేసింది. కాలరు తిప్పడం, చంక కుట్టు లాగి చూడడం, తప్పున్నచోట బాణం గుర్తున్న చిన్న ఎర్ర స్టిక్కరు అంటించడం, "రిజెక్టు" అనడం. ఆ చూపు పడితే కుట్టు దానంతటదే విడిపోయేదంటారు. ఇంటికొచ్చినా ఆ స్టిక్కర్లు వదిలేది కాదు. మెట్ల కటకటాల మీద బాణం. వాచ్‌మన్ టోపీ మీద బాణం. మా సెక్రటరీకి నోటీసులు అంటించడమంటే ప్రాణం, ఆయన అంటించిన ప్రతి నోటీసు మీదా ఈవిడ బాణం. రిటైరైన రోజున ఫ్యాక్టరీవాళ్లు గౌరవంగా ఒక చొక్కా ఇస్తే, ఎడమ మణికట్టు దగ్గర రెండు కుట్లు జారాయని వేదిక మీదే చెప్పి ఇంటికొచ్చేసింది. వచ్చి తలుపేసుకుంది. అంతే, మళ్లీ కిందికి దిగలేదు. సరుకులు తలుపు దగ్గరికే తెప్పించుకునేది. మొదట్లో సంచీ నిండా వెళ్లేవి, తర్వాత అరసంచీ, ఆ తర్వాత ఒక పాలపాకెట్టు. మేమెవరం పట్టించుకోలేదు. బిల్డింగు మొత్తం హాయిగా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను, అబద్ధమెందుకు?

అలాంటి పులి నోట్లో బావ తల పెడుతుంటే చూడకుండా ఎలా? చీపురు పట్టుకుని, ఊడ్చే నెపంతో మెట్లెక్కి మలుపులో నిలబడ్డాను.

తలుపు నాలుగువేళ్ల మేర తెరుచుకుంది.

"ఎవరూ?"

"మూడో అంతస్తండీ. లిఫ్టు మెకానిక్‌ని."

"లిఫ్టు గురించి నేనేం చెప్పలేదే."

"లిఫ్టు కాదండీ. మాంసం ముక్కలు తెచ్చాను. ఒకటి నోట్లో వేసుకుని తప్పేంటో చెప్పాలి."

"నాకు ఆకలి లేదు."

"ఆకలున్నవాళ్లకి తప్పులు కనపడవండీ. అందుకే మీ దగ్గరికొచ్చాను."

ఆ నాలుగువేళ్ల సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. అగ్గిపుల్లలా ఉంది. ముక్క తీసుకుని లోపలికి పోయింది. నమిలింది. నమిలింది. నేను రెండు మెట్లు నిజంగానే ఊడ్చాను, అంతసేపు నమిలింది.

"ఉప్పు."

"ఎక్కువాండీ, తక్కువా?"

"సముద్రంలో పడి మింగినట్టుంది. ఒక పక్క మాడింది, రెండో పక్క తెల్లమొహం వేసింది. మధ్యలో కుదపలేదు నువ్వు."

"లేదండీ."

"ఎందుకు కుదపలేదు?"

"బుద్ధిలేక."

"రిజెక్టు." తలుపు పడింది. అర నిమిషం తర్వాత మళ్లీ తెరుచుకుంది. ఆ చెయ్యి వచ్చి ప్లేటు అంచున ఒక ఎర్రబాణం అంటించి వెళ్లింది.

బావ ఆ బాణాన్ని పతకంలా పట్టుకుని దిగాడు. ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. నాకు మాత్రం ఒక ముక్క అర్థం కాలేదు. ముందురోజు నేను తిన్నవాటికి ఉప్పు లక్షణంగా ఉంది. ఒక్క రాత్రిలో చెయ్యి అంత ఎలా తిరగబడింది?

అది మొదలు రోజూ పదకొండు గంటలకి ప్లేటు పైకి, బాణం కిందికి. బావ రోజుకొక కొత్త తప్పు చేసేవాడు. మనిషన్నవాడు ఇన్నిరకాలుగా ఒక వంట చెడగొట్టగలడని నాకు తెలియదు.

"మొన్నటి ఉప్పు సరిచేశావు, ఇవాళ చక్కెర కుమ్మరించావు. ఒక చిరుగు కుట్టి ఇంకోచోట చింపే రకమయ్యా నువ్వు."

"అవునండీ."

"ఇది నమిలితే సాగుతోంది. రేకు ఎన్ని నిమిషాలు కప్పావు?"

"మర్చిపోయానండీ."

"మర్చిపోయాడట. ఇలాంటివాళ్లు చేసిన లిఫ్టులో మేము ఎక్కి తిరుగుతున్నాం."

రెండోవారంలో ఆవిడ, "ఒక్క ముక్కతో తేల్చలేం, శాంపిల్ చాలదు" అంది. రెండయ్యాయి. తర్వాత నాలుగు. "పదికి పది చూడాలి, ఫ్యాక్టరీలో అదే రూలు" అంది. మూడోవారంలో టేపు తీసి ముక్కలు కొలిచింది. "ఇది ఇంచు, ఇది ఇంచుంపావు. రెండూ ఒకేసారి ఎలా ఉడుకుతాయయ్యా?" నాలుగోవారంలో, "ఒట్టి ముక్కలు తింటే నాలుక మొద్దుబారి తప్పు తెలియడం లేదు" అని పక్కన తినడానికి తనే బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంది. తలుపు నాలుగువేళ్ల నుంచి జానెడైంది, జానెడు నుంచి బారెడైంది. చివరికి గుమ్మంలో కుర్చీ పడింది. ఆవిడ బావని తిడుతుంటే నా మిషను చప్పుడులో కూడా స్పష్టంగా వినపడేది. బావ ఫ్రిజ్ తలుపు ఏ రంగుదో ఎవరికీ గుర్తులేదు, అంతా బాణాలే.

ఇంకో విచిత్రం. ఆ రెండునెలల్లో మా అక్క బట్టలు నేను మూడుసార్లు వదులు చేశాను. బావ మాంసం పైకి పోతుంటే అక్క ఎలా ఊరుతోందని అడిగితే, "గాలి ఒంటబట్టింది" అని తప్పించుకుంది.

అసలు గొడవ పొగతో వచ్చింది. ఒకరోజు అత్తయ్య, "పొగేదయ్యా? నువ్వు చెప్పిన గడ్డం ఆయన పద్నాలుగు గంటలు పొగబెడితే, నువ్వు గాలి కొట్టి తెచ్చావు" అంది. బావ వడ్రంగి దగ్గర్నుంచి చెక్కపొట్టు తెచ్చి, తడిపి, బాల్కనీలో డబ్బాలో వేసి ముట్టించాడు. పొగ గంట మోగింది. బిల్డింగు మొత్తం కిందికి పరిగెత్తింది. రెండో అంతస్తాయన తువ్వాలుతో వచ్చాడు, సెక్రటరీ ఒక చెంప గీసుకుని ఒక చెంప సబ్బుతో వచ్చాడు. బావ మాత్రం పైనే ఉండి ముక్కలు తిరగేస్తున్నాడు.

ఆ వారంలోనే, గురువారం ఫ్యూజు కొట్టేసింది. మాది పాత బిల్డింగు, మూడో అంతస్తుకీ లిఫ్టుకీ ఒకటే ఫ్యూజు. ఒక్క ఫ్రయర్‌కి అది ఎందుకు పోయిందో అప్పుడెవరం ఆలోచించలేదు. సెక్రటరీ రెండుకీ మూడుకీ మధ్య ఇరుక్కుపోయాడు. బావ ఫ్యూజు వేశాడు గానీ, అలా ఆగిపోయిన లిఫ్టు బ్రేకు చేత్తో వదిలితేనే కదులుతుంది. తాళంచెవి ఒక చేతిలో, ప్లేటు ఇంకో చేతిలో పట్టుకుని వచ్చి, తలుపుల సందు జానెడు తెరిచి ముక్క లోపలికి అందించాడు.

"ముందిది తినండి, కంగారు తగ్గుతుంది. ఎలా ఉందో చెప్పండి."

"బాగుందయ్యా, చాలా బాగుంది, తలుపు తియ్యి."

బావ మొహం మాడింది. "ఏం బాగుంది?"

"అన్నీ బాగున్నాయి. అద్భుతం. నన్ను బయటికి లాగు."

"అన్నీ ఎలా బాగుంటాయండీ? సరిగ్గా నమలండి." అని ప్లేటు పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

నేను కిందనుంచి అరిచాను, "సెక్రటరీగారూ, ఏదో ఒక వంక పెట్టండి, లేకపోతే అందులోనే సంసారం పెట్టుకోవాలి."

లోపలినుంచి ఏడుపు గొంతు వచ్చింది. "కొంచెం... పులుపెక్కువ."

"అలా చెప్పండి మరి." లిఫ్టు కదిలింది.

సాయంత్రానికి నోటీసు పడింది. "మూడో అంతస్తు గాలిపొయ్యిని నిషేధించుట గురించి ఆదివారం ఉదయం పది గంటలకు పార్కింగులో సమావేశం." ఎక్కువమంది చేతులెత్తితే ఫ్రయర్ బిల్డింగులో ఉండకూడదు.

ఆదివారం అందరూ వచ్చారు. సెక్రటరీ పొగ గురించి పది నిమిషాలు, లిఫ్టులో తన బతుకు గురించి అరగంట మాట్లాడాడు. నేను బావ మొహం చూస్తున్నాను. పొయ్యి పోతే పోనీ, ఆ మొహం అంతలా పాలిపోవడం ఎందుకు? ఆయన ఒక్కటే అడిగాడు.

"రేపు ఒక్కరోజు చేసుకోనివ్వండి."

"తర్వాత ఆపేస్తావా?"

"తర్వాత ఎల్లుండి ఒక్కరోజు. అలా రోజుకొక్కరోజు చొప్పున ఇవ్వండి, చాలు."

జనం నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు. "నిషేధం కావాలన్నవాళ్లు చేతులెత్తండి." ఏడు చేతులు లేచాయి. నా చెయ్యి మధ్యలో ఉంది. లేపానా లేదా అంటే, జుట్టు సర్దుకుంటున్నానని చెప్పుకోవచ్చు, అంత ఎత్తులో ఉంది.

అప్పుడే లిఫ్టు మీద ఎర్ర అంకె వెలిగింది. ఐదు.

నాలుగు, మూడు, రెండు, ఒకటి. తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ మడత నలగని బట్టలతో, మెడలో టేపుతో, చేతిలో చొక్కాల అట్టపెట్టెతో రిజెక్టు అత్తయ్య. తొమ్మిదినెలల తర్వాత నేల మీద కాలు పెట్టిన మనిషి ఎవర్నీ పలకరించలేదు. నేరుగా వెళ్లి నోటీసు మీద ఒక బాణం అంటించింది.

"వంకరగా ఉంది" అంది.

సెక్రటరీ నోటీసు సరిచేశాడు. "అత్తయ్యగారూ, మీరు కూడా ఏదైనా..."

"ఈ మనిషి మీద నాకు అరవైమూడు కంప్లయింట్లున్నాయి."

సెక్రటరీ మొహం వెలిగిపోయింది. తన కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఆవిడ అట్టపెట్టెలోంచి కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టింది. ఉప్పెక్కువ పదిసార్లు. చక్కెర మాడి చేదు ఏడుసార్లు. సాస్ పల్చన. కొవ్వు కరగలేదు. ముక్కలు కొలత తప్పు. ఒకసారి రేకు కాగితం ముక్కకే అతుక్కుని వచ్చింది. ఒకసారి మిరియాల బదులు ఏం వేశాడో ఆయనకే తెలియదు. అరవైమూడూ అయ్యేసరికి మాకు జాలీ వేసింది, ఆకలీ వేసింది.

"విన్నారుగా" అన్నాడు సెక్రటరీ. "కాబట్టి ఆ పొయ్యిని బయట పారెయ్యడమే..."

"పారెయ్యమని ఎవరన్నారు?" ఆవిడ కళ్లజోడు తీసింది. "ముప్ఫై నాలుగేళ్లు రిజెక్టన్నాను నేను. ఒక్క చొక్కా పారేయించలేదు. రిజెక్టంటే తిరిగి మిషను దగ్గరికి పంపడమయ్యా. కుట్టు విప్పాలి, మళ్లీ కుట్టాలి, మళ్లీ నా బల్ల మీదికి రావాలి. సరుకు కుదరకముందే మిషను ఆపేస్తానంటావేంటి, నువ్వేం మేనేజరువి?"

"మరి పొగ..."

"పొగ ఉండదు. ఆ లోపం నేను రాసిపెట్టుకుంటాను. ఫ్యూజు ఆయన వేరే వేయించుకుంటాడు. ఇంకెవరైనా మాట్లాడతారా?" అని ఎర్రస్టిక్కర్ల కాగితం చేత్తో పట్టుకుని, చేతులెత్తినవాళ్ల మధ్యనుంచి మెల్లగా, ఒక్కొక్కరి చంక కుట్టు పరిశీలిస్తూ నడిచింది.

ఏడు చేతులూ టపటపా దిగిపోయాయి. నా చెయ్యి అందరికన్నా ముందు దిగింది. నా కుట్టు సంగతి నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం అక్కకి వదులు చేసిన బట్టలిద్దామని మూడో అంతస్తుకెళ్లాను. బీరువాలో పెడదామని తలుపు తీస్తే, మడతపెట్టిన దుప్పట్ల మధ్య రెండో ఎయిర్ ఫ్రయర్. బీరువా తలుపు లోపలి పక్క బావ రాత: సోమవారం ఉప్పు, మంగళవారం సాగుడు, బుధవారం చేదు.

"ఇదేంటే అక్కా?"

అక్క వంటగదిలోంచి నోటి నిండా ఏదో నములుతూ వచ్చింది. "దొరికిపోయిందా? ఒకదాంట్లో మంచివి చేస్తారు, వాటిని చూసుకుంటూ అదే సమయంలో రెండోదాంట్లో తప్పువి చేస్తారు. లేకపోతే ఏ తప్పు చేస్తున్నారో ఆయనకే తెలియదట. తప్పువి పైకి. మంచివి నాకు. పారేస్తామా చెప్పు?"

ఫ్యూజు ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది. అక్క బట్టలెందుకు పట్టడం లేదో అదీ తెలిసింది.

బావ వెనకనుంచి వచ్చి బీరువా మూశాడు. చాలాసేపు గింజుకున్నాడు గానీ, నన్ను వదిలించుకోవడం ఎవరివల్ల అవుతుంది?

"ప్రతినెలా మన లిఫ్టు బటన్లు తుడుస్తాను కదా" అన్నాడు. "అన్నీ వేళ్ల జిడ్డుతో ఉంటాయి. ఐదో అంతస్తులో లిఫ్టుని పిలిచే బటన్ మీద మాత్రం దుమ్ము. ఎదురిల్లు ఖాళీ. సరుకులిచ్చేవాడు వచ్చిన లిఫ్టులోనే దిగిపోతాడు. దాన్ని నొక్కాల్సింది ఆవిడొక్కతే. తుడిచాను, మరుసటి నెల మళ్లీ దుమ్ము. ఆ మరుసటి నెలా అంతే. తలుపు కొట్టి 'తిన్నారా' అంటే తిన్నాననే అంటుంది. తినమంటే తినే మనిషి కాదు. తప్పు చెప్పమంటే తింటుంది."

"బావా, నువ్వెంత మంచి..."

అక్క నా నడుం మీద గిల్లింది. ప్రాణం పోయినంత పనయింది. సగం మాట మింగేశాను.

ఆ సగం మాటతో నేను ఇంటికెళ్లి ఊరుకుంటానా? కడుపు ఉబ్బిపోయింది. పది నిమిషాలు ఓపికపట్టి ఐదో అంతస్తుకెళ్లాను. అత్తయ్య గుమ్మంలో కుర్చీలో కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది. చెయ్యి అగ్గిపుల్లలా లేదు, గాజు వేస్తే నిలిచేలా ఉంది.

"అత్తయ్యగారూ, మీతో ఒక మాట. మా బావ ఆ తప్పులన్నీ..."

"కావాలని చేస్తున్నాడు. మూడోవారంలోనే తెలుసు."

నేను గుమ్మం ముందే చతికిలబడ్డాను.

"చెయ్యి జారిన తప్పయితే ఒక ముక్కలో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. పదింటికి పది ముక్కల్లో ఒకే తప్పు, సమానంగా. అంత శ్రద్ధగా తప్పు చేసేవాణ్ని మా ఫ్యాక్టరీలో కూడా చూడలేదు."

"మరి చెప్పలేదేంటండీ?"

"ఎలా చెప్తానే? పాపం ఆయనకి రోజుకోసారి ఎవరైనా తిట్టకపోతే ముద్ద దిగదటగా. మీరందరూ తిని బాగుంది, బాగుంది అంటారు. ఆ మనిషి ఏమైపోవాలి? అందుకే నేనే కాస్త ఓపిక చేసుకుంటున్నాను." కాగితాలు పెట్టెలో పెట్టి మూతేసింది. "మంచివాడు. ఈ మాట ఆయనతో అనకు, మళ్లీ నాలుగు రోజులు పైకి రాడు."

సరేనని లేచాను. వెళ్లేటప్పుడు ఆవిడ ఆప్యాయంగా నా భుజం తట్టింది. లిఫ్టు అద్దంలో చూసుకుంటే నా భుజం మీద ఎర్రబాణం. కుట్టు ఒక పక్కకి లాగిందట. నిజమే, లాగింది.

మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. బావ ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. నా భుజం మీద బాణం చూసి, అన్యాయం జరిగిపోయినట్టు మొహం పెట్టాడు.

"నీకెప్పుడిచ్చింది? నాకు ఇవాళ ఇవ్వలేదు."

"ఆదివారం కదా బావా, సెలవేమో."

"సరే, ఇది తిని చెప్పు."

మంచి ఫ్రయర్‌లోంచి వచ్చినవి. అంచులు నల్లగా, సాస్ జిగురుగా, నోట్లో వేసుకుంటే నమిలే పనే లేదు. నా జన్మలో అంత రుచైన ముక్క తినలేదు. బావ నా నోటివంకే చూస్తున్నాడు, పరీక్ష రాసిన పిల్లాడిలా. నేను నెమ్మదిగా మింగి, మొహం చిట్లించాను.

"ఛీ, ఉప్పెక్కువ బావా."

ఆయన మొహం చూడాలి. కుర్చీ తెచ్చి వేశాడు, ప్లేటు నా ఒళ్లో పెట్టాడు.